ఓవర్‌క్లాకింగ్ : ప్రాసెసరు వేగము – ఇతర భాగముల భారము

తెలుగు పాఠము చెప్పుకొనువాడు కంప్యూటరు లోపలి సంగతులు వ్రాయుటేమని విద్యార్థులు నవ్వుకొనవచ్చును. ఈ సంచికకు సాధారణముగా నేను వేమననో జాషువానో ఆశ్రయించి నాలుగు పుటలు వ్రాయుదును. ఈసారి అట్లు కాకపోవుటకు కారణము ద్వితీయ సంవత్సరపు కంప్యూటర్ విద్యార్థి యొకడు. ఛందస్సు పాఠము ముగిసిన పిమ్మట అతడు నా వద్దకు వచ్చి, "సార్, ప్రాసెసర్ స్పీడు పెంచితే పాడైతే ప్రాసెసర్ ఒక్కటే కదా పాడయ్యేది, మిగతావాటికి ఏం కాదు కదా?" అని అడిగెను. ఈ ప్రశ్న నన్నే అడుగుటకు కారణము కలదు. నా బాల్యమున మా మేనమామ దుకాణములో ఇట్టి వేగవృద్ధి వలన జరిగిన నష్టమును ఒకప్పుడు తరగతిలో ప్రస్తావించితిని. ఆనాడు అరనిమిషములో ముగించిన ఆ ప్రస్తావనకు ఈనాడు విపులమైన సమాధానము చెప్పవలసి వచ్చినది.

ఓవర్‌క్లాకింగ్ అను పదమునకు సంస్కృత సమాసమొకటి కల్పించుట కష్టము కాదు. కాని కల్పించిన పదమును మరల వివరించుటకు ఈ ఆంగ్లపదమునే తెచ్చుకొనవలసి యుండును గనుక దానిని యథాతథముగా వాడుచున్నాను.

ప్రాసెసరు తన పనిని ఇచ్చవచ్చినప్పుడు చేయదు. క్లాకు అను క్రమబద్ధమైన విద్యుత్ స్పందన దానిని నడిపించును. సెకనుకు పదిలక్షల స్పందనలైనచో ఒక మెగాహెర్ట్జ్, వేయి మెగాహెర్ట్జులైనచో ఒక గిగాహెర్ట్జ్. ఒక స్పందనకును మరియొక స్పందనకును నడుమ లభించు అత్యల్ప వ్యవధిలోనే లోపలి ట్రాన్సిస్టర్లు తమ స్థితిని మార్చుకొని, ఫలితమును సిద్ధపరచవలెను. తయారీదారు పరీక్షించి నిర్ణయించిన సంఖ్య కంటె ఎక్కువ స్పందనలతో దానిని నడిపించుటయే ఓవర్‌క్లాకింగ్. ఇది సాధ్యమగుటకు కారణము, తయారీదారు కొంత వెసులుబాటు ఉంచుకొని సంఖ్యను నిర్ణయించుటయే. తక్కువ ధర సరకునకు గిరాకి ఎక్కువగా నున్నప్పుడు, అధిక వేగమును తట్టుకొనగల చిప్పులపై గూడ తక్కువ వేగపు ముద్ర వేసి అమ్ముట కలదు.

కోలాటము చూచినవారికి తక్కిన విషయము సులభముగా బోధపడును. నడుమ నిలిచిన గురువు తాళము వేయును. చుట్టునున్నవారు ఆ తాళమునకు కోలలు తగిలింతురు. గురువు వడి హెచ్చించినచో చురుకైనవారు అందుకొందురు. అందుకొనలేనివాని కోల ఎదుటివాని కోలకు గాక వ్రేళ్ళకు తగులును. దెబ్బ తిన్నవాడు తప్పు చేసినవాడు కానక్కరలేదు. విద్యార్థి ప్రశ్నకు సమాధానము ఇందులోనే యున్నది. కంప్యూటరులో చాలకాలము వరకు తాళము ఒక్కటే, ఆడువారు అనేకులు.

1981లో వెలువడిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరులో 14.318 మెగాహెర్ట్జుల స్ఫటికమొకటి యుండెను. ఆ స్పందనను మూడుచే భాగించగా వచ్చిన 4.77 మెగాహెర్ట్జులతో ప్రాసెసరు నడిచెను. అదే స్ఫటికము నుండి పన్నెండవ వంతుతో లోపలి టైమరు నడిచెను. ఆ వింత సంఖ్య అమెరికా దేశపు రంగుల టెలివిజను ప్రమాణము నుండి వచ్చినది. అనగా బొమ్మకును లెక్కకును ఒకే తాళము. 1984లో వచ్చిన ఏ.టి. అను నమూనాలో ప్రాసెసరునకు 12 మెగాహెర్ట్జుల స్ఫటికము నమర్చి, దానిని సగము చేసి 6 మెగాహెర్ట్జులతో నడిపించిరి. ఆ స్ఫటికము ఊడదీయుటకు వీలుగా నుండుట గమనించిన కొనుగోలుదారులు దానికి బదులు 16 మెగాహెర్ట్జుల స్ఫటికమును పెట్టి 8 మెగాహెర్ట్జుల వేగము సాధించిరి. పిదప ఐ.బి.ఎం. వారు యంత్రము ఆరంభమగునప్పుడే వేగమును కొలిచి, అది హెచ్చుగా నున్నచో ముందుకు సాగనీయని పరీక్షను ప్రవేశపెట్టిరి. ఆ యంత్రమున అదనపు కార్డులు గూడ ప్రాసెసరు తాళముతోనే నడిచెడివి. ఇతర సంస్థలు తమ యంత్రములను 10, 12 మెగాహెర్ట్జులకు పెంచినప్పుడు 8కి తయారైన కార్డులు తడబడినవి. అందుచేత కార్డులు నడుచు మార్గమునకు వేరుగా, సుమారు 8 మెగాహెర్ట్జుల తాళము నిలిపియుంచవలసి వచ్చినది.

ఈ మార్గమునే బస్సు అందురు. ఇది ఆర్.టి.సి. బస్సు కాదుగాని, మూలపదము మాత్రము అదియే. అందరికొరకు అను అర్థము గల ఓమ్నిబస్ అను లాటిన్ పదము నుండి రెండును పుట్టినవి. భాషాభ్యాసకులకు పనికివచ్చునని చెప్పితిని.

ఓవర్‌క్లాకింగ్ చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధమైన ఘట్టము 1998 ఆగస్టులో ఇంటెల్ విడుదల చేసిన సెలరాన్ 300ఏ. అదే నెలలో అదే సంస్థ పెంటియం-2 శ్రేణిలో 450 మెగాహెర్ట్జుల ప్రాసెసరును గూడ విడుదల చేసినది. విడుదల నాటి టోకు ధర సెలరాన్‌కు 149 డాలర్లు, పెంటియమునకు 669 డాలర్లు. సెలరాన్ లోపల 66 మెగాహెర్ట్జుల బస్సు తాళమును నాలుగున్నరచే గుణించగా 300 మెగాహెర్ట్జులు వచ్చును. ఆ నాలుగున్నర అను గుణకమును సంస్థ బిగించివేసెను, మార్చుటకు వీలులేదు. కాని బస్సు తాళము మదర్‌బోర్డు చేతిలో నుండును. దానిని 100కు మార్చినచో, అదే గుణకముతో 450 మెగాహెర్ట్జులు వచ్చును! కొన్ని బోర్డులలో జంపరు మార్చిన చాలును. స్వయముగా వేగమును గుర్తించు బోర్డులను ఒప్పించుటకు, ప్రాసెసరు కార్డు అంచునగల బి-21 అను స్పర్శపై సన్నని టేపు ముక్క అంటించెడివారు. ఆ ప్రాసెసరులో 128 కిలోబైట్ల క్యాష్ జ్ఞాపకశక్తి చిప్పులోనే యుండి ప్రాసెసరుతో సమానమైన వేగముతో పనిచేసెడిది. పెంటియం-2లో 512 కిలోబైట్లు ఉన్నను అది సగము వేగముతో నడిచెడిది. అందుచేత అనేక పనులలో చవక సరకు ఖరీదైనదానితో సమముగా నిలిచెను. ప్రపంచమంతట కుర్రవారు ఉత్సాహపడిరనుటలో ఆశ్చర్యమేమున్నది?

ఇచట ఒక చిత్రమైన విశేషమును గమనింపవలెను. సామాన్యబుద్ధికి, కొంచెము పెంచుట క్షేమము, ఎక్కువ పెంచుట అపాయము అని తోచును. సెలరాన్ విషయమున ఇతర భాగములకు సంబంధించినంతవరకు సంగతి తలక్రిందులు. 440 బి.ఎక్స్. అను చిప్‌సెట్ గల ఆనాటి మదర్‌బోర్డులో బస్సు తాళమును భాగించి పి.సి.ఐ. అను మార్గమునకును, ఏ.జి.పి. అను చిత్రఫలకపు మార్గమునకును అందజేసెడివారు. పి.సి.ఐ.కి నియమిత వేగము 33 మెగాహెర్ట్జులు, ఏ.జి.పి.కి 66. బస్సు 66తో నడుచునప్పుడు పి.సి.ఐ.కి సగము, ఏ.జి.పి.కి మొత్తము ఇచ్చినచో లెక్క సరిపోవును. బస్సు 100తో నడుచునప్పుడు మూడవ వంతు, మూడింట రెండు వంతులు ఇచ్చినచో మరల 33, 66 వచ్చును. అనగా ప్రాసెసరు 450తో పరుగెత్తుచున్నను ఆ రెండు మార్గములకును వార్తయే తెలియదు. కాని మొదట కొంచెమే పెంచుదమని 75కో 83కో మార్చినచో భాజకము మారదు. సగము చొప్పున పి.సి.ఐ.కి 37.5 లేక 41.5 మెగాహెర్ట్జులు పోవును, ఏ.జి.పి.కి 75 లేక 83. ప్రాసెసరు మాత్రము 373 మెగాహెర్ట్జులతో ఏ కష్టమును లేక, వేడి గూడ ఎక్కక, హాయిగా నడుచుచుండును. జాగ్రత్తపరుడే ఇచట ఎక్కువ అపాయమున పడును.

పి.సి.ఐ. తాళము హెచ్చినచో దెబ్బ తినునవి ఎవ్వి? శబ్దపు కార్డు గరగరలాడవచ్చును, నెట్‌వర్కు కార్డు మొరాయించవచ్చును. అవి వినబడునవి, కనబడునవి గనుక ప్రమాదము స్వల్పము. హార్డ్‌డిస్కును నడిపించు కంట్రోలరు సంగతి వేరు. అది చిప్‌సెట్ లోపల నుండి పి.సి.ఐ. తాళమునుబట్టియే తన కాలమానమును లెక్కించుకొనెడిది. 33 మెగాహెర్ట్జుల వద్ద ఒక స్పందన వ్యవధి 30 నానోసెకనులు, 41.5 వద్ద 24 మాత్రమే. డిస్కు తన అక్షరమును తీగపై నిలుపుటకు ముందే కంట్రోలరు చదివివేయును. తీగపై ఆ క్షణమున ఏది యున్నదో అదే అక్షరమని స్వీకరించును. అల్ట్రా డి.ఎం.ఏ. అను నాటి కొత్త పద్ధతిలో తీగపై జరుగు దోషమును పట్టుకొను పరీక్ష యుండెను. అంతకు ముందరి పద్ధతులలో అదియును లేదు. జ్ఞాపకశక్తి కడ్డీల సంగతి గూడ ఇట్టిదే. 66 మెగాహెర్ట్జులకు తయారైన ర్యామ్‌ను 83తో నడిపించినచో ఎప్పుడో ఒక బిట్ తప్పును. దోషసవరణ లేని సాధారణ ర్యామ్ ఆ తప్పును చెప్పదు. తప్పిన బిట్ ఒప్పుగానే డిస్కుపై వ్రాయబడును.

మా మామూ దుకాణమున జరిగినది ఇదియే. 2000 సంవత్సరమున ఆయన చిన్న పట్టణములో డి.టి.పి. పని చేయుచుండెను. తెలుగు పెండ్లి పత్రికలు, ఉర్దూ పత్రికలు, అప్పుడప్పుడు చిన్న పుస్తకములు. ఉర్దూ పనికి ఇన్‌పేజ్ అను సాఫ్ట్‌వేరు వాడెడివారు. మా పెద్దమ్మ కుమారుడు, నాకు అన్న, సెలవులకు వచ్చి, ఎవరో మిత్రుడు చెప్పగా మదర్‌బోర్డు జంపరును 83కు మార్చెను. యంత్రము చురుకుగా పనిచేయుట చూచి మామూ మురిసిపోయెను. నేను బాలుడను, ఆ ఇనుపపెట్టె మూత తెరచుటయే నాకు పండుగ.

విశ్రాంత ఉపాధ్యాయులొకరు ఉర్దూ తెలుగు సామెతలను ఏండ్ల తరబడి సేకరించి అచ్చు వేయించుటకు మామూ చేతికిచ్చియుండిరి. రెండు నెలల పని దాదాపు ముగిసినది. ఒకనాడు మధ్య పుటలు కొన్ని తెరువగా అక్షరములకు బదులు అర్థములేని గుర్తులు కనబడినవి. తరువాత ఆ ఫైలు తెరుచుకొననే లేదు. ఫ్లాపీలపై దాచిన నకళ్ళు తీయగా అవియును అంతే. చెడిన ఫైలునే అదే యంత్రము గుండ నకలు తీసియుంటిమి! డిస్కు పాడైనదని మామూ దానిని పట్నమునకు కొనిపోయెను. అచటి మెకానికు రెండు దినములు పరీక్షించి, "భాయ్, మీ డిస్కు బాగానే ఉంది, తేడా ఇంకెక్కడో ఉంది" అని తిరిగి ఇచ్చెను. ర్యామ్ మార్చిరి. వైరసేమో యని మరల అన్నియు ఎక్కించిరి. ప్రాసెసరును అనుమానించినవాడు లేడు, ఏలయన అది ఒక్కనాడును ఆగిపోలేదు. చివరకు అన్నయ్యకే జంపరు జ్ఞాపకము వచ్చి దానిని 66కు మార్చెను. నాటి నుండి క్రొత్త ఫైళ్ళు చెడలేదు. చెడినవి మాత్రము తిరిగి రాలేదు. మాస్టారి వ్రాతప్రతి భద్రముగా నున్నందున మామూ రాత్రులు కూర్చుండి అంతయు మరల టైపు చేసెను. దానికి ఒక్క రూపాయియు అడుగలేదు.

తాళము సంగతి ఇట్లుండగా, విద్యుత్తు సంగతి వేరొకటి. ప్రాసెసరు వినియోగించు శక్తి స్పందన సంఖ్యకు అనులోమముగను, వోల్టేజి వర్గమునకు అనులోమముగను పెరుగును. వేగము పెంచినప్పుడు ప్రాసెసరు తడబడినచో వోల్టేజి కొంచెము హెచ్చించుట ఓవర్‌క్లాకర్ల అలవాటు. ఉదాహరణకు 2.0 వోల్టులను 2.2 చేసి, 300ను 450 చేసితిమనుకొందము. వేగము ఒకటిన్నర రెట్లు. వోల్టేజి పది శాతము పెరిగినందున దాని వర్గము 1.21 రెట్లు. రెంటిని గుణించగా 1.8 రెట్లకు కొంచెము మించును. పని ఒకటిన్నర రెట్లే, వేడి దాదాపు రెట్టింపు.

ఆ శక్తి ఆకాశము నుండి ఊడిపడదు. గోడ నుండి వచ్చు కరెంటును ఎస్.ఎం.పి.ఎస్. అను పెట్టె తగ్గించి ఇచ్చును. మదర్‌బోర్డుపై ప్రాసెసరు ప్రక్కనున్న వోల్టేజి రెగ్యులేటరు దానిని ఇంకను తగ్గించి అందించును. ప్రాసెసరు ఆకలి పెరిగినచో వీని మీద భారము పెరుగును. రెగ్యులేటరు చుట్టునున్న చిన్న డబ్బాలవంటి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు వేడికి మిక్కిలి సున్నితమైనవి. వాని లోపలి ద్రవము మెల్లగా ఆవిరియగును. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినచో వాని ఆయువు సుమారు సగమగునని ఇంజనీర్ల స్థూల సూత్రము. పాత బోర్డులలో వీని శిరస్సు ఉబ్బి, గోధుమరంగు పదార్థము కారియుండుట మనలో చాలమంది చూచియున్నారు. ప్రాసెసరుపై పెద్ద ఫ్యాను పెట్టితిమిగదా యని సంతోషింపరాదు. ఫ్యాను వేడిని పోగొట్టదు, త్రోసివేయును. పెట్టెలో నుండి గాలి బయటికి పోవు దారి లేనిచో ఆ వేడి డిస్కుకును, కెపాసిటర్లకును, చిత్రఫలకమునకును చేరును. గాలితో చల్లబరచు ఏ సాధనమును గది ఉష్ణోగ్రత కంటె దిగువకు తీసికొనిపోజాలదు. చల్లని దేశములలో 20 డిగ్రీల గదిలో నిలిచిన ఓవర్‌క్లాక్, మన మే నెల 42 డిగ్రీలలో నిలువకపోవుట వింత కాదు. విదేశీయుల ఫలితములు చదివి ఇచట అనుసరించువారు ఈ భేదమును మరచుచుందురు.

తరువాతి కాలమున ఈ చరిత్ర మలుపులు తిరిగినది. 2011లో ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ అను ప్రాసెసర్ల తరమును తెచ్చినప్పుడు 100 మెగాహెర్ట్జుల మూలతాళమును, పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్, సాటా మొదలగు మార్గముల తాళములను మరల ఒకే ముడి వేసిరి. దానిని 105 వరకు పెంచుటయే గగనమాయెను. దానికి బదులు, పేరు చివర "కె" అక్షరము గల ప్రాసెసర్లకు గుణకమును విడిచిపెట్టిరి. గుణకము పెంచినచో ప్రాసెసరు ఒక్కటే త్వరపడును. డిస్కు తాళము మారదు. 2015 నాటి స్కైలేక్‌లో మూలతాళమును గూడ పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ నుండి వేరుచేసిరి. మామూ అనుభవించిన విధమైన నష్టము నేడు అంత సులభముగా కలుగదు. కరెంటు భారము, వేడి మాత్రము పోలేదు. క్రొత్తగా మరియొకటి చేరినది. ర్యామ్‌ను నడిపించు కంట్రోలరు పూర్వము చిప్‌సెట్‌లో నుండెడిది, ఏ.ఎం.డి. 2003లోను, ఇంటెల్ 2008లోను దానిని సామాన్య డెస్కుటాపు ప్రాసెసరు లోపలికి తెచ్చిరి. కనుక ర్యామ్ వేగమును పెంచినచో భారము ప్రాసెసరుపై పడును. ఎక్స్.ఎం.పి. అను మీట నొక్కి డి.డి.ఆర్.4 ర్యామ్‌ను 1.2 వోల్టులకు బదులు 1.35 వోల్టులతో నడిపించువారిలో చాలమంది, తాము ఓవర్‌క్లాకింగ్ చేయుచున్నామని ఎరుగరు.

కొనుగోలుదారుడు చేయు పనిని నేడు తయారీదారులే చేయుచున్నారు. 2008 నుండి వచ్చిన టర్బో బూస్ట్ అను ఏర్పాటుచే ప్రాసెసరు చల్లగా నున్నంతసేపు తనంతట తానే వేగము హెచ్చించుకొనును. వారి లెక్కయు తప్పవచ్చును. ఇంటెల్ 13, 14వ తరముల డెస్కుటాపు ప్రాసెసర్లు కొన్ని అస్థిరముగా పనిచేయుచున్నవని గగ్గోలు పుట్టగా, ఉండవలసిన దానికంటె హెచ్చు వోల్టేజి అందుటయే అందుకు హేతువని ఆ సంస్థ 2024 జూలైలో అంగీకరించి, ఆగస్టులో సవరణ విడుదల చేసి, హామీని రెండేండ్లు పొడిగించెను. అంతకుముందు ఆ యంత్రములలో ఆటలాడువారికి తరచుగా కనబడిన సందేశమేమనగా, చిత్రఫలకపు జ్ఞాపకశక్తి చాలలేదు అని! ఎందరో నిర్దోషియైన గ్రాఫిక్స్ కార్డును నిందించిరి. మామూ డిస్కును పట్నమునకు మోసికొనిపోయినట్లే.

పరీక్షించి చూడగోరువారికి రెండు మాటలు. మెమ్‌టెస్ట్86 ర్యామ్ దోషములను పట్టును. ప్రైమ్95 సమాధానము తెలిసిన లెక్కలనే చేయించి ప్రాసెసరు తప్పినచో చెప్పును. ఇవి ఒక గంట నడిచిన చాలదు, రాత్రియంతయు నడువవలెను. ఒక్కొక్కసారి ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. అన్నిటికంటె ముందు, ముఖ్యమైన ఫైళ్ళను ఆ యంత్రము ముట్టని చోట దాచవలెను. మార్పు చేసిన పిమ్మట తీసిన నకలును నమ్మరాదు.

ఇక ప్రశ్న వేసిన విద్యార్థి సంగతి. అతని యంత్రమును చూపుమని అడిగితిని. అందులోని ఐ5 ప్రాసెసరు పేరు చివర "కె" లేదు. గుణకము బిగించియున్నది గనుక వేగము పెంచు ప్రసక్తియే లేదు. 4 గిగాబైట్ల ర్యామ్, తిరుగుడు డిస్కు. పని నడుచునంతసేపు డిస్కు దీపము ఆరకుండ వెలుగుచుండెను. ప్రాసెసరు నాలుగవ వంతైనను వినియోగమగుట లేదు. ఇంకొక 4 గిగాబైట్ల ర్యామ్, చిన్న ఎస్.ఎస్.డి. ఒకటి కొనుమని చెప్పితిని. నెల తరువాత వచ్చి, "సార్, విండోస్ ఇప్పుడు చాయ్ చల్లారకముందే తెరుచుకుంటోంది" అని చెప్పి, ఛందస్సులో యతిస్థానము గూర్చి మరియొక సందేహము అడిగి పోయెను.